నెల సరుకుల్లో వృథా తగ్గాలంటే ముందు ఏది మార్చాలి: సంచా, సంచిలో సరుకా?

పచ్చిపులుసు · శనివారం, ఉదయం 7:10

నలుగురుండే ఇల్లు అనుకోండి. నెలకోసారి కిరాణా, వారానికి రెండుసార్లు కూరగాయలు, ఆదివారం చికెనో చేపలో. నెల తిరిగేసరికి వంటింటి తలుపు వెనక కవర్ల కవరు ఉబ్బిపోతుంది (అది లేని తెలుగిల్లు ఉంటే చెప్పండి), పప్పు డబ్బాలో పురుగు, ఫ్రిజ్‌లో వాడిపోయిన తోటకూర. ఉపన్యాసాలు అక్కర్లేదు. చేతిలో ఏం పట్టుకెళ్లాలి, ప్యాకెట్ మీద ఏం చదవాలి, ఎంత కొనాలి, ఏది ఎక్కడ బెడిసికొడుతుంది, ఇవి కావాలి. ముందు చిన్న ప్రశ్న: కవరు మానేసి షాపులో ఇచ్చే రంగుల గుడ్డ సంచి తీసుకుంటే సరిపోతుందా?

తూనికరాయి · 7:48

అది గుడ్డ కాదండీ. నాన్ వోవెన్ అంటారు, అచ్చమైన పాలీప్రొపిలీన్. టిఫిన్ డబ్బా మూత ఏ సరుకో ఇదీ అదే. అనుమానముంటే అంచు నుంచి గోరంత ముక్క కత్తిరించి, పట్టకారుతో పట్టుకుని సింకు మీద వెలిగించండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి, వేళ్ల మధ్య నలిగే బూడిద మిగులుతుంది. ఇది ముడుచుకుపోయి, కారి, గట్టి పూసలా అవుతుంది. వెలుతురుకి పట్టి చూసినా తెలుస్తుంది. నూలు గుడ్డలో పడుగూ పేకా కనిపిస్తాయి. ఇందులో నేత ఉండదు, వేడితో అతికించిన చుక్కలే ఉంటాయి.

ప్లాస్టిక్ కాబట్టి దీనికీ రూలుంది. 2021 సెప్టెంబరు 30 నుంచి నాన్ వోవెన్ క్యారీబ్యాగు చదరపు మీటరుకి 60 గ్రాములకి తగ్గకూడదు. మామూలు ప్లాస్టిక్ కవరు మందం అదే రోజు నుంచి కనీసం 75 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లు. మందం కొలిచే పరికరం ఎవరింట్లో ఉంటుంది? వంటింటి కాటా చాలు. 30 సెంటీమీటర్ల వెడల్పు, 40 ఎత్తున్న సంచికి రెండు వైపులూ కలిపి 0.24 చదరపు మీటర్లు. 60తో గుణిస్తే 14.4 గ్రాములు. అంతకన్నా తక్కువ తూగిందంటే రూలు తప్పినట్టే. అదే కొలత ప్లాస్టిక్ కవరు 120 మైక్రాన్లుంటే దాదాపు 26 గ్రాములు తూగాలి. కూరగాయల బండి దగ్గరిచ్చే గరగరలాడే కవరు 4 గ్రాములుందంటే అది 18 మైక్రాన్ల సరుకు.

కొలతలబాబు · 8:30

తూనికరాయి గారి లెక్కకి కొసరు. నూలు సంచి కూడా ఊరికే రాదు. పత్తికి నీళ్లు, ఎరువులు, పురుగుమందులు, మిల్లులో కరెంటు. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011 అధ్యయనం ప్రకారం, ఒక్కసారి వాడి పారేసే పల్చటి కవరుతో వాతావరణం విషయంలో సరితూగాలంటే నూలు సంచిని 131 సార్లు వాడాలి. డెన్మార్క్ పర్యావరణ సంస్థ 2018లో ఇదే పని చేసి వాతావరణం వరకు 52 సార్లంది, అన్ని రకాల నష్టాలూ చూస్తే 7,100 సార్లంది. ఆ 7,100 పట్టుకుని వాట్సాప్‌లో "ప్లాస్టికే మేలు" అని తిప్పుతుంటారు. ఆ అంకె ఓజోన్ పొర నష్టమనే ఒక్క పద్దు నుంచి వచ్చింది. పైగా వాళ్లు పోల్చింది దిట్టమైన సూపర్ మార్కెట్ కవరుతో, దాన్ని చెత్తబుట్టలో మళ్లీ వాడి చివరికి కాల్చి కరెంటు తీసే దేశంలో. మురిక్కాలవకి అడ్డం పడే కవరు, ఆవు కడుపులో చేరే కవరు ఆ లెక్కలోకే రావు.

మనకి పనికొచ్చే ముక్క ఇది. వారానికి రెండుసార్లు తీసుకెళ్తే 131 సార్లు ఏడాది మూడు నెలల్లో పూర్తవుతాయి. ఒకే సంచి ఐదేళ్లు నడిస్తే లాభం. తాంబూలాల సంచులు, ఎగ్జిబిషన్ సంచులు అరలో ఇరవై పోగేసి రెండే వాడితే మిగతా పద్దెనిమిదీ నష్టం ఖాతాలోనే. కొత్తది కొనకండి.

కుట్టుమిషన్ · 9:05

పాత ప్యాంటు ఉంటే ఆ 131 లెక్కే అక్కర్లేదు. ఆ పత్తి ఖర్చు ప్యాంటు ఖాతాలో ఎప్పుడో పడిపోయింది.

15 అంగుళాల వెడల్పు, 17 ఎత్తుతో రెండు ముక్కలు కత్తిరించండి. మంచివైపు బయటికి పెట్టి పావు అంగుళంలో మూడు వైపులా ఒక కుట్టు, తిరగేసి అర అంగుళంలో ఇంకో కుట్టు. ఇలా చేస్తే పీచు లోపలే ఉండిపోతుంది, పప్పులో దారాలు పడవు. అడుగు రెండు మూలలూ త్రికోణంగా నొక్కి 3 అంగుళాల గీత మీద అడ్డంగా కుడితే సంచి బల్ల మీద నిలబడుతుంది. పట్టీకి 24 అంగుళాల పొడుగు, 4 వెడల్పు ముక్కని నాలుగు పొరలుగా మడిస్తే అంగుళం పట్టీ వస్తుంది. దాని కొసలు సంచి లోపలికి 2 అంగుళాలు దించి, చతురస్రంగా కుట్టి, మధ్యలో ఇంటూ గుర్తు వేయాలి. సంచి తెగేది ఎప్పుడూ అక్కడే. ఒక్క వరస కుట్టుతో వదిలేస్తే రెండు కిలోల ఉల్లిపాయలకే ఊడి చేతికొస్తుంది. సూది 16 నంబరు, జీన్స్ అయితే 18. రోజువారీ 14 సూది నాలుగు పొరల జీన్స్ మీద విరుగుతుంది.

పాలిస్టర్ చీర బరువు సంచికి వద్దు, కుట్టు దగ్గర దారాలు జారిపోతాయి. పాత నూలు పంచె ముక్కలు మాత్రం 8×10 అంగుళాల నాడా సంచులకి భేషుగ్గా ఉంటాయి. మిర్చి, బెండ, చిక్కుడు వేరువేరుగా వేయించుకోవచ్చు. ఒక్కోటి పది గ్రాములకి అటూ ఇటూ ఉంటుంది కాబట్టి తూకంలో పోయేది కూడా పెద్దగా లేదు.

ఓరుగల్లు_గల్లీ · 9:40

సంచి మీద లొల్లి బాగనే ఉంది గని, సంచిల ఏం పడుతున్నదో గది సూడుండ్రి. చికెన్ షాపుల కిలోకి రెండు నల్ల కవర్లు. గా కవరు కడుగరాదు, పాతసామాన్లోడు తీసుకోడు, చెత్తబండిల వేస్తె కుక్కలు గుంజుతయ్. గదొక్కటి ఆపితె ఇంట్ల సగం కంపు పోతది. స్టీల్ డబ్బా కొంచపోతె షాపాయన "తూకం ఎట్ల?" అని నసుగుతడు. దానికి జవాబు కావాలె.

తూనికరాయి · 10:02

అన్నా, జవాబు కాటాలోనే ఉంది. ఎలక్ట్రానిక్ కాటా మీద ఏమీ లేనప్పుడు సున్నా ఉందో లేదో చూడండి. ఖాళీ డబ్బా మూతతో సహా పెట్టించండి. టేర్ అనే మీట, కొన్నిటి మీద టీ అని మాత్రమే ఉంటుంది, నొక్కితే మళ్లీ సున్నా అవుతుంది. ఇప్పుడు డబ్బా తీస్తే మైనస్ అంకె కనపడాలి. అది కనపడకపోతే టేర్ పడలేదన్నమాట, మీరు డబ్బా బరువుకి కూడా మాంసం ధర కడుతున్నారు. మూతతో టేర్ చేసి మూత లేకుండా తూయడం షాపతనికి నష్టం, మూత లేకుండా టేర్ చేసి మూతతో తూయడం మీకు నష్టం. గొడవలన్నీ ఇక్కడే.

తక్కెడైతే ఇంకా సులువు. ముందు పళ్లెంలోనే తూయించుకుని, తర్వాత డబ్బాలో వేయించుకోండి.

కిలో చికెన్‌కి 2 లీటర్ల డబ్బా ఉండాలి. లీటరున్నర డబ్బాలో కుక్కితే మూత క్లిప్పులు పట్టవు, స్కూటర్ మీద నీళ్లు కారతాయి. రబ్బరు రింగు ఉన్న మూతే తీసుకోండి.

గోదారిగట్టు · 10:15

డబ్బా కడిగేటప్పుడు ముందు చన్నీళ్లు పోయాలి, తర్వాతే వేణ్ణీళ్లు, సబ్బు. నేరుగా వేడినీళ్లు పోస్తే నెత్తురు, సొన గడ్డకట్టి డబ్బాకి అంటుకుని నీచు వదలదు. రబ్బరు రింగు ఊడదీసి విడిగా కడగాలి. వాసనంతా ఆ గాడిలోనే దాక్కుంటుంది.

పచ్చిపులుసు · 11:20

బాగుంది. ఇప్పుడు పప్పులు, బియ్యం. పెద్ద ప్యాకెట్ కొంటే ప్లాస్టిక్ తగ్గుతుందంటారు. కానీ పురుగు పట్టి పారబోస్తే ఆ ఆదా ఏమైనట్టు?

గోదారిగట్టు · మధ్యాహ్నం 12:50

అసలు విషయం ఇదే. కిలో కందిపప్పు పారబోస్తే దాని వెనకున్న పొలం, నీళ్లు, మరపట్టిన కరెంటు, లారీ డీజిలు అన్నీ పారబోసినట్టే. దాని పక్కన నాలుగు గ్రాముల కవరు ఎంత? నన్నడిగితే సంచి రెండో మెట్టు, కొన్నది తినడం మొదటి మెట్టు.

ఎంత కొనాలో తెలియాలంటే డబ్బా మూత కింద చిన్న చీటీ పెట్టండి. నింపిన తేదీ, ఎంత పోశామో రాసి, ఖాళీ అయిన రోజు చూస్తే చాలు. రోజుకి 120 గ్రాముల పప్పు వండే ఇంటికి నెలకి 3.6 కిలోలు. 5 కిలోల ప్యాకెట్ తీసుకుంటే ఆరు వారాల్లో చెల్లిపోతుంది, ఎండాకాలం ఫర్వాలేదు. వానాకాలంలో మాత్రం నెలకి సరిపడా మించొద్దు. గింజలో తేమ పెరిగేకొద్దీ పురుగు జోరు పెరుగుతుంది.

పురుగు ఎక్కడ నుంచి వస్తుంది? చాలామంది గాలిలోంచి అనుకుంటారు. పొలంలోనో గోదాములోనో పెట్టిన గుడ్లు గింజతోపాటే ఇంటికొస్తాయి. అందుకే మూత ఎంత బిగించినా లోపల పుడతాయి. చెయ్యాల్సింది వరసగా చెప్తాను.

ఒకటి, పాత సరుకు అడుగున ఉండగా పైన కొత్తది పోయకండి. ఎక్కువ ఇళ్లలో జరిగే తప్పు ఇదే. అడుగునున్న గుప్పెడు బియ్యమే కొత్త బస్తాకి విత్తనం. డబ్బా ఖాళీ చేసి, కడిగి, ఎండలో పెట్టి, ఆరాక పోయాలి.

రెండు, పప్పు పల్చగా పరిచి ఒక పూట ఎండలో పెట్టండి. తీసిన వెంటనే డబ్బాలో పోస్తే ఆ వేడికి మూత లోపల చెమ్మ పట్టి బూజొస్తుంది. పూర్తిగా చల్లారాకే మూత పెట్టాలి. బియ్యాన్ని మాత్రం ఎండలో పెట్టొద్దు, గింజ చిట్లి నూకవుతుంది. నీడలో ఆరబోసి జల్లించండి.

మూడు, పెసలు, అలసందలు, శనగలు లాంటి పొట్టుతో ఉన్న గింజలకి పుచ్చు ఎక్కువ, బద్దకి తక్కువ. కాబట్టి గింజలు కొంచెం కొనండి, పప్పు కాస్త ఎక్కువ కొన్నా నిలుస్తుంది. గింజలకి కిలోకి ఒక టీ స్పూను (5 మిల్లీలీటర్లు) వేరుశనగ నూనె వేసి అరచేతులతో రుద్దితే ఆ పొర గుడ్లకి గాలి అందనివ్వదు. పూర్వం ఆముదం రాసింది ఇందుకే. ఆముదం రాస్తే వండేముందు వేణ్ణీళ్లతో రెండుసార్లు కడగాలి, లేకపోతే పొట్ట సంగతి మీకే తెలుస్తుంది.

నాలుగు, బొంబాయిరవ్వ, గోధుమపిండి. ప్యాకెట్ తెరవకుండా డీప్ ఫ్రీజర్‌లో నాలుగు రోజులు పెడితే గుడ్లు చస్తాయి. బయటికి తీశాక చల్లదనం పూర్తిగా పోయి గది వేడికి వచ్చేదాకా విప్పకండి. చల్లటి పిండికి గాలి తగిలితే చెమ్మ పట్టి ఉండలు కడుతుంది.

వానాకాలం మొదట్లో ప్రతిచోటా వినే రెండు చిట్కాలు మాత్రం వద్దు. బియ్యంలో బోరిక్ పౌడర్ కలపడం ఒకటి, అది ఆహారంలో వాడటానికి అనుమతి లేని పదార్థం, కడిగినా పూర్తిగా పోతుందని నమ్మకం లేదు. గోదాముల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలు ఇంకోటి. వాటి నుంచి వచ్చే ఫాస్ఫీన్ వాయువు మూసిన గదిలో మనుషుల్నే చంపుతుంది.

ఓరుగల్లు_గల్లీ · 1:15

బియ్యం బస్తా 26 కిలోలు ఎందుకైందో ఎరికేనా? 2022 జూలై 18 నుంచి 25 కిలోల దాకా ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పెట్టిండ్రు. మిల్లులోళ్లు ఒక కిలో ఎక్కువేసి గీత దాటిండ్రు. చిన్న కుటుంబానికి 26 కిలోలంటె మూడు నెల్లు. సగం బస్తా పక్కింటోళ్లతోని పంచుకుంటె పురుగు బాధ లేదు, టాక్సూ లేదు. ఖాళీ బస్తా ప్లాస్టిక్ అల్లికే, ఎండల పెడితె ఏడాదికి పొడి పొడి అయితది. నీడకు పెట్టి వాడుకోండ్రి.

గోదారిగట్టు · 1:30

కూరగాయల మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఉల్లి, బంగాళాదుంప ఒకే బుట్టలో వద్దు, బంగాళాదుంప తేమకి ఉల్లి కుళ్లుతుంది. అరటిపళ్లు ఆకుకూరల పక్కన పెడితే పళ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకి ఆకు పసుపెక్కుతుంది. ఆకుకూర కడగకుండా వేళ్లు కోసి, తడిపి పిండిన నూలు గుడ్డలో చుట్టి ఫ్రిజ్ అడుగు అరలో పెట్టాలి. గుడ్డ నీళ్లోడుతుంటే రెండోరోజుకే జిగురు. పేపర్లో చుట్టకండి. అచ్చు సిరా ఆహారానికి తగలకూడదని ఆహార భద్రత సంస్థ చాలాసార్లు చెప్పింది, బజ్జీల బళ్లే వినవు.

పచ్చిపులుసు · 2:05

షాంపూ, సర్ఫు, నూనె? రీఫిల్ ప్యాకెట్లు మంచివేనా? సీసా కన్నా ప్లాస్టిక్ తక్కువని దాని మీదే రాస్తున్నారు.

కొలతలబాబు · 2:40

తూకంలో తక్కువే, నిజం. కానీ పాతసామాన్ల కొట్టు దృష్టితో చూడండి. సీసా అడుగున త్రికోణంలో అంకె ఉంటుంది. 1 (నీళ్ల సీసా), 2 (షాంపూ, ఫినాయిల్ సీసాలు), 5 (పెరుగు డబ్బా, టిఫిన్ డబ్బా) కొంటారు, కరిగించి మళ్లీ వాడతారు. పాల ప్యాకెట్ 4, కడిగి ఆరబెట్టిస్తే అదీ కొంటారు. రీఫిల్ పౌచు, షాంపూ సాచెట్, చిప్స్ ప్యాకెట్ మాత్రం రెండు మూడు రకాల పొరలు అతికించినవి. విడదీయడం గిట్టదు కాబట్టి ఎవరూ ముట్టుకోరు. అవి చెత్తకుప్పకో సిమెంటు బట్టీకో చేరాల్సిందే.

అందుకే వరస ఇలా పెట్టుకోండి: 5 లీటర్ల క్యాన్ కొని ఉన్న సీసాలో నింపుకోవడం మొదటిది, పెద్ద సీసా రెండోది, పౌచు మూడోది, సాచెట్ చివరిది. చేతులకైతే సబ్బుబిళ్లని మించింది లేదు. హ్యాండ్‌వాష్‌లో ఎక్కువ భాగం నీళ్లే, ఆ నీళ్లని లారీల్లో తిప్పడానికి డబ్బిస్తున్నాం.

ధర సంగతి చూసుకోవాలి. ఎంఆర్‌పీ పక్కనే గ్రాముకో మిల్లీలీటరుకో ఎంతో చిన్న అక్షరాల్లో ఉంటుంది, దాన్నే పోల్చండి. షాంపూలో సాచెట్టే చవగ్గా ఉండటం చాలా కంపెనీల్లో చూస్తాం. అంటే పెద్దది కొంటే ఆదా అనే సూత్రం అక్కడ పనిచేయదు, కొన్నిచోట్ల చెత్త తగ్గించడానికి నాలుగు రూపాయలు ఎక్కువే పెట్టాలి. ఈ సంగతి దాచి "పచ్చదనం అంటే పొదుపు" అని చెప్పేవాళ్లని నమ్మకండి.

పాల ప్యాకెట్ కత్తిరించేటప్పుడు మూల ముక్క ఊడిపోకుండా అతుక్కుని ఉండేలా అడ్డంగా గాటు పెట్టండి. ఆ చిన్న త్రికోణాలు ఏ జల్లెడలోనూ నిలవవు, నేరుగా కాలవలోకే.

తూనికరాయి · 3:10

నూనె గురించి జాగ్రత్త. డబ్బా పట్టుకెళ్లి విడి నూనె పోయించుకోవడం చూడటానికి బాగుంటుంది. కానీ ప్యాక్ చేయని వంటనూనె అమ్మకానికి చట్టం ఒప్పుకోదు, రాష్ట్రం ప్రత్యేకంగా మినహాయిస్తే తప్ప. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో బ్రహ్మదండి గింజల నూనె కలిసి జనం కాళ్లు వాచి చనిపోయారు. ఆ తర్వాతే విడి నూనె మీద కట్టడి బిగిసింది.

ప్లాస్టిక్ లేకుండా నూనె కావాలంటే మీ పల్లీలు మీరే తీసుకెళ్లి గానుగ ఆడించుకోండి. లీటరు నూనెకి సుమారు రెండున్నర కిలోల గింజలు కావాలి. ఆడించే ముందు ముడతలు పడ్డవి, నల్లబడ్డవి, బూజు పట్టినవి ఏరేయాలి. బూజుగింజల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉంటుంది, గానుగ నూనెకి శుద్ధి ప్రక్రియ లేదు కాబట్టి అది అలాగే మిగులుతుంది. నూనెని రెండు రోజులు కదపకుండా తేర్చి, పైతేట వంపుకుని, స్టీలు డబ్బాలో చీకట్లో పెట్టాలి. నూనె తీశాక మిగిలే చెక్క పశువులకి వేసేవాళ్లకివ్వండి. నువ్వులైతే చెక్క ఇంట్లోనే ఉంచుకోండి, తెలగపిండి కూరని పశువులకి వదిలేస్తామా?

ఫ్యూజువైరు · 4:20

ఇంతసేపూ నెలనెలా కొనేవే మాట్లాడారు. పదేళ్లకోసారి కొనేది రోజూ నెల సరుకులా కరెంటు తింటుంది.

ముందు ఫ్యాను. పాత రకం సీలింగ్ ఫ్యాను 75 వాట్లు, బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) ఫ్యాను 30 వాట్ల దరిదాపు. తేడా 45 వాట్లు. రోజుకి 12 గంటలు, ఏడాదికి 300 రోజులు తిరిగితే ఒక్కో ఫ్యానుకి 162 యూనిట్లు. ఇన్వర్టరు మీద కూడా ఎక్కువసేపు తిరుగుతుంది. ఎక్కడ బెడిసికొడుతుంది? గోడ మీద పాత రెగ్యులేటరు తీయకుండా బిగిస్తే. రెగ్యులేటరు వోల్టేజి తగ్గించగానే లోపలి బోర్డు తికమకపడి ఫ్యాను ఆగి ఆగి తిరుగుతుంది, చివరికి బోర్డే పోతుంది. ఎలక్ట్రీషియన్‌తో రెగ్యులేటరు తప్పించి వైరు నేరుగా కలిపించండి. కొనేముందు వారంటీ ఎన్నేళ్లు, బోర్డు విడిగా దొరుకుతుందా, ఎంత, ఈ మూడూ అడగండి.

అలాగని బాగున్న ఫ్యాను ఊడదీయకండి. నెమ్మదిగా తిరుగుతోందంటే పోయింది ఎక్కువసార్లు కెపాసిటరే. 2.5 మైక్రోఫారడ్ అని దాని మీదే ఉంటుంది (కొన్నిటికి 2.25, 3.15). అదే అంకెది వేయించాలి. తిరగట్లేదని పెద్దది వేస్తే వేగం వస్తుంది, మోటారు వేడెక్కి చుట్టు కాలిపోతుంది.

ఏసీ, ఫ్రిజ్ కొనేటప్పుడు నక్షత్రాలు లెక్కపెట్టి వచ్చేయకండి. నక్షత్రానికి కాలం ఉంటుంది. స్ప్లిట్ ఏసీకి 2018 నుంచి 2022 జూన్ దాకా ఐఎస్ఈఈఆర్ (తినే కరెంటుకి ఎంత చల్లబరుస్తుందో చెప్పే అంకె) 4.5 ఉంటే ఐదు నక్షత్రాలు. 2022 జూలై నుంచి అదే ఐదుకి 5.0 కావాల్సి వచ్చింది. 4.6 ఉన్న ఏసీ ఒక్క రాత్రిలో ఐదు నుంచి నాలుగుకి దిగింది, యంత్రం మారలేదు. కాబట్టి లేబుల్ మీద ఐఎస్ఈఈఆర్ అంకె, ఏడాదికి యూనిట్లు, లేబుల్ ఏ కాలానిదో చూడండి. ఏసీకి ఆ యూనిట్లు ఏడాదికి 1600 గంటల లెక్కన వేసినవి, మీరు వాడేదాన్ని బట్టి పెంచుకోవాలి. గ్యాస్ పేరు కూడా అక్కడే ఉంటుంది. బయటికి పోతే వాతావరణాన్ని వేడెక్కించే శక్తి, కార్బన్ డయాక్సైడ్‌ది 1 అనుకుంటే, ఆర్ 410ఏకి 2088, ఆర్ 32కి 675, ఆర్ 290కి 3 దరిదాపు. బోలెడన్నిసార్లు గ్యాస్ నింపించే బదులు లీకు పట్టించండి.

ఫ్రిజ్ తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగండి. జారిపోతే రబ్బరు వదులైనట్టు, రబ్బరు ఒక్కటే మార్చవచ్చు. సింగిల్ డోర్ ఫ్రీజర్‌లో మంచు పావు అంగుళం దాటితే కరిగించాలి, చాకుతో పొడవకండి. చాకు మొన గ్యాస్ గొట్టానికి తగిలిందంటే ఫ్రిజ్ పాతసామాన్లకే.

పచ్చిపులుసు · 5:00

వాటర్ ఫిల్టర్ కూడా చెప్పండి ఫ్యూజు అన్నా. ఆర్‌ఓ బిగించమని ప్రతివాడూ అంటాడు.

ఫ్యూజువైరు · 5:35

ముందు టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మోతాదు) మీటరుతో కొలవండి. భారత ప్రమాణాల్లో తాగునీటికి లీటరుకి 500 మిల్లీగ్రాముల దాకా మంచిది. నదినీళ్లు వచ్చే కొళాయి సాధారణంగా అందులోనే ఉంటుంది, దానికి యూవీ (అతినీలలోహిత కిరణాలతో క్రిముల్ని చంపే ఫిల్టరు) చాలు. బోరునీళ్లు దాటితే ఆర్‌ఓ గురించి ఆలోచించండి. కానీ మీటరు ఉప్పు మోతాదే చెప్తుంది, క్రిముల్నీ ఫ్లోరైడ్‌నీ చెప్పదు. నల్లగొండ, ప్రకాశం లాంటి చోట్ల బోరు వాడుతుంటే ఫ్లోరైడ్ పరీక్ష విడిగా చేయించాలి. లీటరుకి 1 మిల్లీగ్రాము మంచిది, 1.5 మించకూడదు. యూవీకీ, మామూలు క్యాండిల్ ఫిల్టరుకీ ఫ్లోరైడ్ లొంగదు.

ఆర్‌ఓ ఉంటే ఒక పని చేయండి. మంచినీళ్ల గొట్టం కింద లీటరు సీసా, వదిలేసే నీళ్ల గొట్టం కింద బకెట్ పెట్టి కొలవండి. లీటరుకి మూడు లీటర్లు పోవడం మామూలే. ఐదారు పోతుంటే ఫ్లో రెస్ట్రిక్టర్ అరిగినట్టు, చిన్న భాగమే, మార్పించండి. ఆ నీళ్లు ఇల్లు తుడవడానికి, బాత్రూముకి పనికొస్తాయి. కుండీ మొక్కలకి పోస్తే ఉప్పు పేరుకుని ఆకుల కొసలు మాడతాయి.

కొలతలబాబు · 6:15

లేబుళ్ల మీద ఒక మాట. "ఎకో", "గ్రీన్", "నేచురల్" అన్నవి ఉత్త మాటలు. వినియోగదారుల రక్షణ అథారిటీ 2024 అక్టోబరులో ఇలాంటి పచ్చమాటలకి మార్గదర్శకాలు తెచ్చింది, ఆధారం చూపించాల్సిన బాధ్యత కంపెనీదే. ఫిర్యాదుకి 1915. సేంద్రియ ఆహారానికి జైవిక్ భారత్ గుర్తు చూడండి. ఇండియా ఆర్గానిక్ (బయటి సంస్థ తనిఖీ), పీజీఎస్ ఇండియా (రైతుల బృందమే ఒకరి పొలం ఒకరు తనిఖీ) గుర్తులు ఏ పద్ధతిలో తనిఖీ జరిగిందో చెప్తాయి. పీజీఎస్‌లో "గ్రీన్" అని ఉంటే పొలం ఇంకా మారే దశలో ఉందని, "ఆర్గానిక్" అని ఉంటే మారడం పూర్తయిందని. పర్యావరణానికి మేలైన సరుకులకి ప్రభుత్వం ఇచ్చే గుర్తు, మట్టికుండ బొమ్మతో ఎకోమార్క్, 1991 నుంచి ఉంది, 2024లో కొత్త నియమాలొచ్చాయి.

"కంపోస్టబుల్" కవరు మీద తయారీదారు పేరు, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ నంబరు ఉండాలి. ఉన్నా అది 58 డిగ్రీల వేడి నిలిచే కార్ఖానా కంపోస్టులో కుళ్లేది. పెరట్లో గుంత తీసి పూడిస్తే ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది.

గోదారిగట్టు · 6:40

ఫంక్షన్లకి కూడా ఇదే. వెండిపొర మెరిసే పేపర్ ప్లేటు, టీ కప్పు రెండిటికీ ప్లాస్టిక్ పూత ఉంటుంది. గోటితో గీకితే పల్చటి పొర లేస్తుంది. థర్మోకోల్ ప్లేట్లు, ప్లాస్టిక్ స్పూన్లు 2022 జూలై 1 నుంచి నిషేధం. అడ్డాకు, మోదుగ విస్తళ్లు ముందురోజే తెచ్చి తడిగుడ్డ కప్పి ఉంచితే ఆకు పెళుసెక్కదు, చారు కారదు. పుల్లలు గుచ్చినవాటి కన్నా దారంతో కుట్టినవి పిల్లలకి మేలు.

పచ్చిపులుసు · రాత్రి 8:20

ముందు చెప్పిన కాటా పరీక్ష. షాపు సంచి 30×40, హ్యాండిళ్లతో కలిపి 9 గ్రాములు.

తూనికరాయి · 8:31

9ని 0.24తో భాగిస్తే 37.5. హ్యాండిళ్లు తీసేస్తే ఇంకా తక్కువ. 60 ఉండాల్సిన చోట. దాన్ని పారేయకండి, గాలి ఆడుతుంది కాబట్టి ఉల్లిపాయలు పోసి మేకుకి తగిలించండి. రెండు కిలోలు మించొద్దు, హ్యాండిలు అతుకు దగ్గర ఊడుతుంది.